ఐటీలో ఎదగాలనుకునే దేశం ముందు దేనికి డబ్బు పెట్టాలి? ఐదు దారులు, వాటి లెక్కలు

బెంగళూరుకి బయటి దేశాల మంత్రులు, కార్యదర్శులు వస్తే చూపించే చోట్లు దాదాపు ఒకటే. ఎలక్ట్రానిక్స్ సిటీలో పచ్చిక మధ్య అద్దాల మేడలు, వైట్‌ఫీల్డ్‌లో టెక్ పార్కు, సాయంత్రం ఏదో ఒక స్టార్టప్ ఆఫీసు. తిరిగి వెళ్లాక వాళ్లు మొదలుపెట్టే పని కూడా దాదాపు ఒకటే. ఊరికి దూరంగా వేల ఎకరాలు తీసుకుని, దానికో పేరు పెట్టి, శిలాఫలకం వేస్తారు. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం అంటే ఇదే. ఇక్కడ అద్దాలు చివర్లో వచ్చాయి. అంతకుముందు వచ్చినవాటిని ఎవరూ ఫొటో తీసుకోరు.

ఈ పోలిక ప్రధానంగా బెంగళూరులోనో చెన్నైలోనో కూర్చుని, ఆఫ్రికాలోనో ఆగ్నేయాసియాలోనో ఒక దేశానికి ‘డిజిటల్ వ్యూహం’ ముసాయిదా రాయాల్సి వచ్చిన తెలుగువాళ్ల కోసం. పబ్లిక్ పాలసీ చదువుతున్నవాళ్లకీ, మన రెండు రాష్ట్రాల్లో ఐటీ శాఖ ఫైళ్లు చూసేవాళ్లకీ కూడా పనికొస్తుంది. చేతిలో ఉన్న డబ్బు ఒకే పెద్ద పనికి సరిపోతుంది, దారులు మాత్రం ఐదున్నాయి అనుకుని చదవండి.

## ముందు కొలతలు

దారి ఎంచుకోకముందు ఈ ఐదు ప్రశ్నలకి జవాబు రాసిపెట్టుకోవాలి.

ఇప్పుడు ఏది అడ్డం? కరెంటా, బయటి ప్రపంచానికి లైనా, ఇంజినీర్లా, కస్టమ్స్ కౌంటరా, మనిషి ఎవరో రుజువు చేసే కాగితమా? అన్నీ అడ్డమే అని రాసిన ముసాయిదా ఎందుకూ పనికిరాదు. ఒక్కటి తేల్చాలి.

ఎన్నేళ్లకి ఫలితం? ప్రభుత్వం ఐదేళ్లది. పదేళ్లకి పండే పంటను వచ్చే ప్రభుత్వం మధ్యలోనే పీకేయగలదు.

ఎవరికి ఉద్యోగం? డిగ్రీ ఉన్నవాళ్లకా, పదో తరగతి, ఇంటర్‌తో ఆగినవాళ్లకా, లేక నేరుగా ఉద్యోగమేమీ రాదా?

డాలర్లు వస్తాయా, పోతాయా? ఎగుమతి మొత్తం చూసి సంబరపడకూడదు. దిగుమతులు పోగా మిగిలేది చూడాలి.

కంపెనీ వెళ్లిపోతే ఏం మిగులుతుంది? నా లెక్కలో ఇదే అన్నిటికన్నా బరువైన ప్రశ్న. పన్ను మినహాయింపు అయిపోయిన మర్నాడు దేశం చేతిలో ఏముంటుందో చెప్పలేని వ్యూహం అద్దె ఇల్లు లాంటిది.

మొదటి ప్రశ్నకి జవాబు సెక్రటేరియట్‌లో దొరకదు. కొలవాల్సినవి నాలుగు. ఒకటి, ముగ్గురు ఇంటర్నెట్ ప్రొవైడర్ల దగ్గర 10 జీబీపీఎస్ అంతర్జాతీయ బ్యాండ్‌విడ్త్‌కి కొటేషన్ తీసుకుని, సముద్ర కేబుల్ దిగే దగ్గరి నగరం రేటుతో పోల్చడం. తేడా రెండింతలు దాటితే అడ్డం లైనే. రెండు, మూడు జిల్లా కేంద్రాల్లో సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ ప్రకారం నెలలో ఎన్ని గంటలు కరెంటు పోయిందో చూడటం. మూడు, ఒక సర్వర్ పోర్టులో దిగి కస్టమ్స్ నుంచి బయటికి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో క్లియరింగ్ ఏజెంటుని అడగడం. నాలుగు, ఏటా ఎంతమంది ఇంజినీరింగ్ పాసవుతున్నారో కాదు, అందులో ఎంతమంది ఆ దేశంలోనే పనిచేస్తున్నారో తెలుసుకోవడం. ఇద్దరు మనుషులు మూడు వారాల్లో చేయగల పని ఇది. చాలా ముసాయిదాల్లో ఇది ఉండదు.

## ఒకటో దారి: సేవల ఎగుమతి

అందరూ అడిగేది బెంగళూరు నమూనానే. అసలేం జరిగిందో వరస తప్పకుండా చూడాలి. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ 1909 నాటిది. విమానాలు చేసే హెచ్ఏఎల్ 1940లో, టెలిఫోన్ పరికరాలు చేసే ఐటీఐ 1948లో, రక్షణ ఎలక్ట్రానిక్స్ చేసే బీఈఎల్ 1954లో వచ్చాయి. అంటే సాఫ్ట్‌వేర్ అనే మాట జనం నోళ్లలో పడక ముందే ఊరినిండా ఎలక్ట్రానిక్స్ తెలిసిన మనుషులున్నారు. 1978లో కర్ణాటక ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ కియోనిక్స్ 332 ఎకరాల్లో ఎలక్ట్రానిక్స్ సిటీ వేసింది. దాని ఉద్దేశం హార్డ్‌వేరే. 1984 కంప్యూటర్ విధానం దిగుమతుల బిగింపు సడలించింది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చింది, ఉపగ్రహ లింకు పెట్టుకుంది. 1991 జూన్‌లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా, అంటే ఎస్‌టీపీఐ, ఏర్పడింది.

ఎస్‌టీపీఐ చేసిన పని పైకి చాలా చిన్నది. ఉపగ్రహంతో కలిపే సొంత భూకేంద్రం పెట్టి, అక్కడి నుంచి కంపెనీల టెర్రస్‌ల మీదికి మైక్రోవేవ్ రేడియో లింకులు ఇచ్చింది. టెలిఫోన్ శాఖ రాగి తీగ కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సిన పని తప్పింది. 64 కేబీపీఎస్ లైను ఇప్పుడు నవ్వొచ్చేంత చిన్నది గానీ అమెరికాలో క్లయింటు మెషిన్‌లోకి ఇక్కడి నుంచి లాగిన్ కావడానికి అది చాలు. రెండో పని, కంపెనీ ఆవరణనే బాండెడ్ వేర్‌హౌస్‌గా గుర్తించి సుంకం లేకుండా పరికరాలు తెచ్చుకోనివ్వడం. మూడోది, ఎగుమతి విలువని సాఫ్టెక్స్ ఫారం మీద అక్కడే ధ్రువీకరించడం. తీగమీద పోయే సరుకుని కస్టమ్స్ అధికారి కళ్లతో చూడలేడు కాబట్టి ఈ ఫారం పుట్టింది. పన్ను మినహాయింపు 2011 మార్చి 31తో ముగిసింది, కంపెనీలు ఎక్కడికీ పోలేదు. దాన్నిబట్టి ఏది ముఖ్యమో, ఏది తాయిలమో తెలుస్తుంది.

ఈ దారి ఎవరికి పడుతుంది? ఇంగ్లీషు లేదా ఫ్రెంచి వంటి భాషలో పనిచేయగల డిగ్రీవాళ్లు వేలల్లో ఉండి, కనీసం రెండు వేర్వేరు సముద్ర కేబుళ్లు ఉన్న దేశానికి. ఒకే కేబుల్ ఉంటే చేపల పడవ లంగరుకి అది తెగిన రోజున కాల్ సెంటర్ మొత్తం చీకటే. చెన్నైకి 2002లో సింగపూర్ నుంచి ఐటూఐ కేబుల్ దిగింది. ఆ తర్వాత టాటా కేబుల్, 2005లో సీ-మీ-వీ 4 వచ్చాయి. పాత మహాబలిపురం రోడ్డు నిండటానికి టైడల్ పార్కు ఎంత కారణమో ఇవీ అంతే కారణం.

ఇక లోటు. మన దేశంలో 2023–24లో ఈ రంగంలో నేరుగా పనిచేసినవాళ్లు సుమారు 54 లక్షలు. వినడానికి పెద్ద సంఖ్యే గానీ పనిచేసే జనాభాలో నూటికి ఒక్కరు. మారతహళ్లి పీజీల ముందు తెలుగు బోర్డులు చూసి దేశమంతా ఇలాగే ఉందనుకుంటాం. ఆ పీజీలో ఉండే కుర్రవాడి ఊళ్లో మిగిలిన తొంభై తొమ్మిది మందికి ఈ రంగం నేరుగా ఏమీ ఇవ్వలేదు. పైగా కొత్తగా మొదలుపెట్టే దేశం మొదట చేజిక్కించుకోగలిగేవి కాల్ సెంటరు, డేటా ఎంట్రీ, ప్రాథమిక టెస్టింగ్. కృత్రిమ మేధ ముందుగా తినేదీ వాటినే. 1995లో ఈ మెట్టు ఎక్కడం వేరు, ఇప్పుడెక్కడం వేరు. ముసాయిదాలో ఈ మాట రాయకపోతే నిజాయితీ కాదు.

## రెండో దారి: హార్డ్‌వేర్ తయారీ

డిగ్రీ లేనివాళ్లకి ఉద్యోగం కావాలంటే చూడాల్సింది బెంగళూరు కాదు, చెన్నై దగ్గరి శ్రీపెరంబుదూర్. నోకియా అక్కడ 2006లో ఉత్పత్తి మొదలుపెట్టింది. వేలమందికి, ముఖ్యంగా ఊళ్ల నుంచి వచ్చిన అమ్మాయిలకి, పని ఇచ్చింది. తర్వాత పన్ను వివాదంలో ఆస్తులు చిక్కుకున్నాయి, నోకియా ఫోన్ల వ్యాపారం కొన్న మైక్రోసాఫ్ట్‌కి ఆ ఫ్యాక్టరీ బదిలీ కాలేదు, 2014 నవంబరు 1న మూతపడింది. దాని మీద ఆధారపడ్డ విడిభాగాల యూనిట్లు కూడా వరసగా తాళాలు వేసుకున్నాయి.

కథ అక్కడితో ఆగలేదు. షిఫ్టు నడపడం తెలిసిన సూపర్‌వైజర్లు, చేతివేగం ఉన్న పనివాళ్లు, రేవుకి రోడ్డు, సిప్‌కాట్ (తమిళనాడు పారిశ్రామికవాడల సంస్థ) స్థలం మిగిలాయి. పదేళ్లు తిరక్కుండా అదే ప్రాంతంలో ఐఫోన్లు కూర్చుతున్నారు. ఇక్కడ ఒక వివరం గమనించాలి. 2024 ఆగస్టులో వల్లం వడగాల్‌లో 18,720 మంది మహిళా కార్మికులు ఉండేలా సిప్‌కాట్ వసతిగృహం తెరిచారు. మెషిన్లు, స్థలం, పన్ను రాయితీ అన్నీ లెక్కేసి, మూడు షిఫ్టుల్లో పనిచేసే ఇరవై ఏళ్ల పిల్లలు రాత్రి ఎక్కడ పడుకుంటారో, ఏం తింటారో లెక్కేయని ప్రాజెక్టులు చాలా ఉన్నాయి. హాస్టల్ గది, నీళ్లు, బస్సు కూడా ఎలక్ట్రానిక్స్ విధానంలో భాగమే. సత్యవేడు దగ్గర శ్రీసిటీ పారిశ్రామికవాడ చూసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

కోస్టారికా కథ దీనికి జంట. 1996లో ఇంటెల్‌ని ఒప్పించింది, 1998లో ప్లాంటు తెరుచుకుంది, ఒక దశలో దేశం ఎగుమతుల్లో అయిదో వంతు ఆ ఒక్క కంపెనీదే. 2014లో అసెంబ్లీ పని ఆసియాకి తరలింది, దాదాపు 1,500 ఉద్యోగాలు పోయాయి. కానీ ఈలోపు సాంకేతిక విద్య, నాణ్యతా పద్ధతులు నిలదొక్కుకున్నాయి. వైద్య పరికరాల కంపెనీలు ఆ మనుషులనే తీసుకున్నాయి.

జాగ్రత్త పడాల్సిన చోటు సుంకాల పట్టిక. మన దేశం 1997లో ఐటీ సరుకుల సుంకం రద్దు ఒప్పందంలో చేరింది. చాలాకాలం తయారైన వస్తువు సున్నా సుంకంతో వచ్చేది, అదే వస్తువుని ఇక్కడ చేద్దామంటే కొన్ని ముడిసరుకుల మీద సుంకం పడేది. అలా తయారీదారుకన్నా దిగుమతిదారే బాగుపడ్డాడు. హార్డ్‌వేర్ దారి ఎంచుకునేవాళ్లు మొదట చేయాల్సిన పని ఫ్యాక్టరీకి స్థలం వెతకడం కాదు. ఒక ఫోన్ విప్పి, అందులో ప్రతి భాగానికి తమ దేశంలో ఎంత సుంకమో వరసగా రాయడం. తలకిందులుగా ఉన్న వరసలన్నీ సరిచేశాకే పెట్టుబడిదారుని పిలవాలి. కరెంటు సంగతి సరేసరి. సర్క్యూట్ బోర్డు మీద భాగాలు అతికించే ఎస్ఎంటీ లైన్ నడుస్తుండగా కరెంటు పోతే రీఫ్లో ఓవెన్‌లో ఉన్న బోర్డులు చెత్తబుట్టకే.

## మూడో దారి: ముందు తీగలు

దక్షిణ కొరియా పేరు ఇక్కడ తప్పకుండా వస్తుంది. 1998లో కేబుల్ బ్రాడ్‌బ్యాండ్, 1999లో ఫోన్ తీగ మీద నడిచే ఏడీఎస్ఎల్ మొదలై కొన్నేళ్లలోనే దేశం ముందు వరసకి వచ్చింది. తీగలతో పాటు వాడకాన్నీ పెంచారు. అపార్ట్‌మెంట్ భవనాలకి వేగాన్నిబట్టి ప్రభుత్వ గ్రేడు సర్టిఫికెట్ ఇచ్చారు. గ్రేడు బాగుంటే ఫ్లాట్ అమ్ముడవుతుంది కాబట్టి బిల్డరే తీగ వేయించాడు. 2000లో గృహిణులతో సహా కోటి మందికి ఇంటర్నెట్ నేర్పే కార్యక్రమం పెట్టారు. జనం ఎక్కువగా అపార్ట్‌మెంట్లలో ఉండటం, ఎక్స్‌ఛేంజీ దగ్గరగా ఉండటం కలిసొచ్చాయి. చెదురుమదురు పల్లెల దేశానికి ఆ సౌలభ్యం ఉండదు.

మన భారత్‌నెట్ చూడండి. 2011 అక్టోబరులో ఆమోదం పొందింది. రెండున్నర లక్షల పంచాయతీలకి ఫైబర్ లక్ష్యం. ఏళ్ల తరబడి సాగింది. లోపం ఎక్కడో తెలియాలంటే ఒక పంచాయతీ ఆఫీసులోకి వెళ్లాలి. గోడకి ఒక పెట్టె, అందులో ఫైబర్ సిగ్నల్‌ని అందుకునే ఓఎన్‌టీ పరికరం, బ్యాటరీ. ఆఫీసు తాళం సెక్రటరీ దగ్గర, ఆయన మండలంలో మీటింగులో. కరెంటు పోయి బ్యాటరీ దిగిపోయింది, లేదా బ్యాటరీయే ఎవరో పట్టుకుపోయారు. బ్లాకు ఆఫీసులో స్క్రీన్ మీద ఆ ఊరు ఎర్రగా కనిపిస్తుంది. తీగ మాత్రం బాగానే ఉంటుంది. మరో లోపం డిజైన్‌లోది. ఒక లైను మీద వరసగా ఊళ్లని కలిపినప్పుడు లైను మొదట్లో జేసీబీ తెంపితే ఆ తర్వాతి ఊళ్లన్నీ పోతాయి. 2023లో ఆమోదించిన 1,39,579 కోట్ల సవరించిన పథకంలో రింగు పద్ధతికి మారారు. రింగులో ఒకచోట తెగినా రెండోవైపు నుంచి సిగ్నల్ వస్తుంది. ఈ పాఠం వేరే దేశానికి ఉచితంగా దొరుకుతోంది, మొదటి టెండర్‌లోనే ‘రింగు’ అని రాసుకుంటే చాలు.

తీగ ఖర్చులో సింహభాగం గోతిదే. మన ప్రమాణం ప్రకారం 1.65 మీటర్ల లోతు తవ్వాలి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ఆ గొయ్యి జోలికి పోకుండా కరెంటు స్తంభాల మీదుగా ఇరవై వేల కిలోమీటర్లకి పైగా లాగింది. ఖర్చు, సమయం రెండూ తగ్గాయి. దీని బేరం స్పష్టం: తుఫాను వస్తే స్తంభంతో పాటు ఫైబరూ పడుతుంది, రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా తీగ మార్చాలి. నా సలహా ఏమిటంటే జిల్లా కేంద్రాల మధ్య భూమిలో, జిల్లా నుంచి ఊరికి స్తంభం మీద. జీపాన్ అనే ఫైబర్ పద్ధతి వాడితే ఒక్క ఫైబర్‌ని 32 లేదా 64 ఇళ్లకి పంచవచ్చు. కానీ దూరం 20 కిలోమీటర్లు దాటితే లెక్క తప్పుతుంది, మధ్యలో మరో పరికరం, దానికో కరెంటు కనెక్షన్ కావాలి.

సముద్రం లేని చిన్న దేశానికి రువాండా మంచి ఉదాహరణ, హెచ్చరిక కూడా. 2000లో విజన్ 2020 ప్రకటించి, ఐదేళ్ల ఐటీ ప్రణాళికలు వరసగా అమలు చేసి, దేశమంతా ఫైబర్ వేసింది. 2013లో కొరియా టెలికాంతో కలిసి 4జీకి ఒకే టోకు నెట్‌వర్క్ పెట్టింది. దానికి ఏకఛత్రాధిపత్యం ఇచ్చింది. సిగ్నల్ దాదాపు అంతటా వచ్చింది గానీ వాడేవాళ్లు ఆ స్థాయిలో పెరగలేదు. ఫోన్ ధర, డేటా ధర అడ్డం పడ్డాయి, రిటైల్ కంపెనీలకి సొంత 4జీ పెట్టే హక్కు లేదు. 2022లో కొత్త విధానంతో ఆ గుత్తాధిపత్యం తీసేశారు.

## నాలుగో దారి: ప్రభుత్వ డిజిటల్ పునాది

గుర్తింపు, చెల్లింపు, రికార్డు. ఈ మూడూ ప్రభుత్వమే కట్టి, మిగతాది అందరికీ వదిలేయడం. ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న దారి ఇదే. దీని పరికరాలు మన ఊళ్లోనే తయారవుతున్నాయి: ఎలక్ట్రానిక్స్ సిటీలోని ఐఐఐటీ బెంగళూరులో 2018లో మొదలైన మోసిప్ అనే గుర్తింపు సాఫ్ట్‌వేర్‌ని ఫిలిప్పీన్స్, మొరాకో, ఇథియోపియా వంటి దేశాలు తీసుకున్నాయి.

సాఫ్ట్‌వేర్ ఉచితం. ఖర్చు వేరేచోట ఉంది. ఒకే మనిషి రెండుసార్లు నమోదు కాకుండా వేలిముద్రల్ని పోల్చి చూసే యంత్రాంగం బయటి కంపెనీల దగ్గర కొనాల్సిందే. టెండర్‌లో దీన్ని మరిచిపోతే మధ్యలో చేతులెత్తేయాలి. తర్వాత నమోదు కిట్లు: ల్యాప్‌టాప్, పది వేళ్ల స్కానర్, ఐరిస్ కెమెరా, ఫొటో కెమెరా, జనరేటర్. ఒక కిట్ మీద రోజుకి 40 మంది, ఏడాదికి 250 రోజులు అనుకుంటే వెయ్యి కిట్లకి ఏడాదికి కోటి మంది. మూడు కోట్ల దేశం రెండేళ్లలో అయిపోతుందని ప్రకటిస్తే, 1,500 కిట్లు, వాటికి ఆపరేటర్లు, చెడిపోతే మార్చడానికి అదనపు కిట్లు ఉన్నాయా అని అడగండి.

రికార్డుల పనికి కర్ణాటక ‘భూమి’ ప్రాజెక్టు ఇప్పటికీ చూసి నేర్చుకోదగ్గది. 2000 ప్రాంతంలో సుమారు రెండు కోట్ల పహాణీలను (భూమి హక్కుల పత్రాలను) కంప్యూటర్లోకి ఎక్కించి తాలూకా ఆఫీసుల్లో కౌంటర్లు పెట్టారు, నకలుకి 15 రూపాయలు. కంప్యూటర్లు పెట్టిన ఆఫీసులు చాలా ఉన్నాయి, ఇదెందుకు నిలబడింది? మూడు చిన్న నిర్ణయాల వల్ల. కంప్యూటర్ వచ్చిన తాలూకాలో చేతిరాత పహాణీ చెల్లదని ఉత్తర్వు ఇచ్చారు. దాంతో విలేజ్ అకౌంటెంట్ చేతిలో ఉన్న పుస్తకానికి బేరం పోయింది. మ్యుటేషన్ (యజమాని పేరు మార్పు) అర్జీలు వచ్చిన వరసలోనే తీయాలి, ముందుది వదిలి వెనకది తీయడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. మూడోది, కౌంటర్ మీద రెండో తెర, రైతు వైపు తిప్పి. లోపల ఆపరేటర్ ఏం కొడుతున్నాడో రైతుకి కనిపిస్తుంది. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కూడా ఆ రెండో మానిటర్ చేసిన పని చేయలేదేమో అనిపిస్తుంది.

ఈ దారిలో దెబ్బతినేది ఎవరో కూడా చెప్పాలి. రేషన్ షాపులో ఈ-పాస్ మిషన్ మీద ‘వేలిముద్ర పడలేదు’ అనే మాట మన ఊళ్లలో తెలియనివాళ్లు లేరు. కూలిపని చేసి గీతలు అరిగిన వేళ్లు, వయసు మళ్లిన చేతులు, సిగ్నల్ లేని ఊరు. ఐరిస్, ఓటీపీ, అవీ కుదరకపోతే డీలరు రిజిస్టరులో రాసి బియ్యం ఇచ్చే అధికారం, ఈ మూడు తలుపులూ మొదటి రోజు నుంచే ఉండాలి. శాఖల మధ్య సమాచారం మార్చుకోవడానికి ఎస్టోనియా 2001లో పెట్టిన ఎక్స్‌రోడ్‌లో మరో మంచి పద్ధతి ఉంది. సమాచారమంతా ఒకేచోట పోగుచేయకుండా ఏ శాఖది ఆ శాఖ దగ్గరే ఉంచి, ఎవరు ఎప్పుడు అడిగారో ప్రతిసారీ నమోదు చేస్తుంది. డేటా చట్టం లేని దేశానికి ఈ అమరిక కొంతయినా రక్ష.

## ఐదో దారి: కంపెనీలకి వదిలి, అడ్డం తొలగడం

కెన్యాలో 2007 మార్చిలో ఫోన్ నుంచి డబ్బు పంపుకునే ఎం-పెసా వచ్చినప్పుడు దానికంటూ చట్టం లేదు. కేంద్ర బ్యాంకు అభ్యంతరం లేదని లేఖ ఇచ్చి, జనం సొమ్ము బ్యాంకులో ట్రస్టు ఖాతాలో ఉండాలని షరతు పెట్టి, గమనిస్తూ ఉంది. 2009లో తూర్పు తీరానికి సముద్ర కేబుళ్లు వచ్చాయి. ఒకదానిలో ప్రభుత్వమే కంపెనీలతో కలిసి వాటా పెట్టింది. ఖజానా మీద భారం తక్కువ, వేగం ఎక్కువ.

ధర ఏమిటంటే ఒకే కంపెనీ అంతటా అల్లుకుపోవడం. వేర్వేరు కంపెనీల మొబైల్ ఖాతాల మధ్య నేరుగా డబ్బు పంపుకోవడం 2018 దాకా రాలేదు. 2016లో వచ్చిన మన యూపీఐ మొదటి రోజు నుంచే అందులో చేరిన ఏ బ్యాంకు నుంచి ఏ బ్యాంకుకైనా వెళ్లింది. అయితే 2020 నుంచి వ్యాపారి మీద చార్జీ లేదు కాబట్టి నడిపే ఖర్చు బ్యాంకులైనా, ఖజానా అయినా మోయాలి. బ్యాంకు ఖాతాలున్న దేశానికి యూపీఐ దారి, లేని దేశానికి ఎం-పెసా దారి. రెండో దారిలో వెళ్తే ‘మూడో ఏడాది నుంచి అందరితో కలపాలి’ అనే షరతు లైసెన్సులోనే ఉండాలి. కంపెనీ పెద్దదయ్యాక ఆ మాట ఎత్తితే ఎవరూ వినరు.

## ఒక చూపులో

| | సేవల ఎగుమతి | హార్డ్‌వేర్ | తీగలు | ప్రభుత్వ పునాది | కంపెనీలకి వదలడం |
|---|---|---|---|---|---|
| ముందే ఉండాల్సినవి | భాష, డిగ్రీలు, రెండు కేబుళ్లు | కరెంటు, రేవు, సరైన సుంకాలు | అప్పు తెచ్చే శక్తి | పట్టుదల గల శాఖ, చట్టం | తెలివైన నియంత్రణ సంస్థ |
| ఫలితానికి | 8–15 ఏళ్లు | 3–6 ఏళ్లు | 5–10 ఏళ్లు | 3–7 ఏళ్లు | 2–4 ఏళ్లు |
| ఉద్యోగాలు | పట్టభద్రులకి | ఇంటర్, ఐటీఐ వాళ్లకి | తవ్వేటప్పుడే ఎక్కువ | కొద్ది | ఏజెంట్లకి, చిన్న షాపులకి |
| డాలర్లు | వస్తాయి | వస్తాయి, చాలావరకు విడిభాగాలకి పోతాయి | పోతాయి | కొంత పోతాయి | లాభాలు బయటికి పోవచ్చు |
| కంపెనీ పోతే | మనుషులు మిగులుతారు | మనుషులు, రోడ్లు | తీగ మిగులుతుంది | అంతా మిగులుతుంది | దాదాపు ఏమీ మిగలదు |

ఏళ్ల సంఖ్యలు పైన చెప్పిన దేశాల అనుభవం నుంచి వేసిన అంచనాలు. ముసాయిదాలో యథాతథంగా దింపకండి.

## జోలికి పోకూడనివి

బ్రెజిల్ 1984 చట్టంతో చిన్న కంప్యూటర్ల మార్కెట్‌ని స్వదేశీ కంపెనీలకే కేటాయించింది. బ్యాంకుల ఆటోమేషన్‌లో మంచి నైపుణ్యం వచ్చింది, కానీ ధరలు పెరిగాయి, దొంగ సరుకు పారింది, 1990ల మొదట్లో ఎత్తేశారు. పెరూ పిల్లలకి లక్షల ల్యాప్‌టాప్‌లు పంచింది. 2012లో వచ్చిన అధ్యయనంలో లెక్కల్లో, భాషలో మార్కులు పెరగలేదని తేలింది. టీచరుకి శిక్షణ లేకుండా పెట్టె ఇస్తే అంతే. కెన్యా కోంజా టెక్ నగరం 2008లో ప్రకటించారు, 2013లో శంకుస్థాపన. అయిదు వేల ఎకరాలు నిండటానికి ఇంకా చాలా దూరం ఉంది.

## మీ దేశం ఎలాంటిది?

సముద్రం లేదు, చిన్న దేశం. మూడోదారితో మొదలుపెట్టాలి, అదీ రెండు పొరుగు దేశాల మీదుగా రెండు వేర్వేరు రేవులకి. ఒకే పొరుగు మీద ఆధారపడితే సరిహద్దులో గొడవ వచ్చిన రోజు ఇంటర్నెట్ కూడా గొడవలో పడుతుంది. వెంటనే నాలుగోది. ఎగుమతుల మాట తర్వాత.

తీరం ఉంది, ఇంగ్లీషు ఉంది, నిరుద్యోగ పట్టభద్రులున్నారు. ఒకటోది. అయితే పార్కు కట్టకండి. నగరం నడిబొడ్డున ఖాళీగా ఉన్న ప్రభుత్వ భవనం రెండు అంతస్తులు, రెండు కేబుళ్ల నుంచి లైన్లు, జనరేటర్, కస్టమ్స్ అధికారికి ఒక బల్ల. 1991 నాటి ఎస్‌టీపీఐకి ఇప్పటి రూపం అదే. అది నిండితేనే రెండో భవనం.

పెద్ద వ్యవసాయ దేశం, జనానికి కాగితాలు లేవు. నాలుగోది, భూమి రికార్డులతో మొదలుపెట్టి. గుర్తింపు కార్డు ఎందుకని రైతు అడిగితే చూపడానికి పహాణీ లాంటి ప్రయోజనం చేతిలో ఉండాలి.

పక్క దేశంలో ఫ్యాక్టరీలు నిండిపోయాయి, కూలి పెరిగింది. రెండోది. ఆ అవకాశం నాలుగైదేళ్లే ఉంటుంది, తర్వాత మరో దేశం పట్టుకుపోతుంది.

ఖజానా ఖాళీ, కానీ నియంత్రణ సంస్థకి మంచి పేరుంది. ఐదోది.

మన రాష్ట్రాల్లోంచి చదువుతున్నవాళ్లకి ఒక మాట. కేబుల్, సుంకం, గుర్తింపు కేంద్రం చేతిలో ఉన్నాయి. మీ చేతిలో ఉన్నవి స్తంభాలు, హాస్టళ్లు, పాలిటెక్నిక్‌లు, రెవెన్యూ రికార్డులు. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌తో పాటు, అదే ఏడాది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో ఆస్తి రిజిస్ట్రేషన్లు కంప్యూటర్ మీద చేసే కార్డ్ ప్రాజెక్టు కూడా మొదలైంది. మొదటిది అందరికీ గుర్తుంది.

## సంతకానికి ముందు చూడాల్సిన నాలుగు నిబంధనలు

పన్ను మినహాయింపుకి ముగింపు తేదీ, అది కంపెనీకి కాక రంగానికి మొత్తం వర్తించేలా. ఒక్కో కంపెనీకి ఒక్కో తేదీ ఇస్తే పేరు మార్చుకుని మళ్లీ మొదటి ఏడాది అంటారు.

నడిపే ఖర్చు విడిగా. సాఫ్ట్‌వేర్ ఒప్పందాల్లో ఏటా నిర్వహణ చార్జీ అసలు ధరలో 15 నుంచి 22 శాతం ఉండటం మామూలే. దాత దేశం మొదటి మూడేళ్లు ఇస్తే నాలుగో ఏడాది బడ్జెట్‌లో ఏ పద్దు కింద వస్తుందో ఆ పద్దు నంబరు రాయించాలి. టెలికాం కంపెనీల నుంచి వసూలు చేసే సార్వత్రిక సేవా నిధి ఉంటే, వాడకుండా మిగిలిన సొమ్ము సాధారణ ఖజానాలో కలవకూడదని చట్టంలోనే ఉండాలి.

సోర్స్ కోడ్, డేటా దేశానికి చెందుతాయని, ఒప్పందం ముగిసిన 90 రోజుల్లో మరో కంపెనీకి అప్పగించాలని. అప్పగింతని ఒకసారి రెండో ఏడాదిలోనే రిహార్సల్ చేయించాలి. బ్యాకప్ నుంచి వ్యవస్థని మళ్లీ లేపి చూపమంటే సగం కంపెనీలు గడువు అడుగుతాయి.

ఇక ‘ప్రత్యేక హక్కు’ అనే మాట. ఇరవై, ఇరవై ఐదేళ్లని కనిపిస్తే అక్కడే ఆగండి. ఐదేళ్లకి మించి ఇవ్వొద్దు. పెట్టుబడిదారు ఒప్పుకోకపోతే, ఎన్ని లక్షల మంది నిజంగా వాడితే హక్కు కొనసాగుతుందో సంఖ్య పెట్టించండి. సిగ్నల్ ఎంత విస్తీర్ణానికి వచ్చిందన్న లెక్క ఒప్పుకోవద్దు.